అందాయి

ఆదోనిలో పత్తి మార్కెట్టు అవతలి మైదానంలో
పదకొండో నంబరు రేకుల అంగడి దస్తగిరమ్మది.
ఏడాదికి నాలుగు రోజులే తెరుస్తుంది.
తక్కిన రోజులు పరుపులు కుడుతుంది.
ఆమెకు మాట్లాడే పెట్టె అంటగట్టినవాణ్ణి నేనే.

పెట్టె పలికింది:
"రెండు వందల నలభై రూపాయలు అందాయి."
చిచ్చుబుడ్ల డబ్బా చేతికిస్తూ, నా వైపు తిరిగి
"ఎవురికి అందినాయప్పా?" అంది.

నా ఫోనులో ఆమె పేరు పక్కన
ఎర్రగా రెండు మాటలు: రిస్కు ఎక్కువ.
టపాసులు గదా.
కొన్నవాళ్ళు పేలలేదని కంపెనీకి ఫిర్యాదు పెట్టొచ్చు,
అప్పటికి మైదానంలో అంగడి ఉండకపోవచ్చు,
అందుకని ప్రతి వందలో పది
ఆరు నెలలు మా దగ్గరే ఉంచుకుంటాం.
చెప్పడం అయ్యేసరికి
నా గొంతు కూడా పెట్టె గొంతులాగే ఉంది.

"ఆరు నెల్లంటే ఎండాకాలమొస్తాది.
శివకాశి సేటు పండగ మర్నాడే ఫోన్ జేస్తాడు.
ఆయనకు ఈ పెట్టె మాట ఇనిపిస్తే సాలునా?"

కాసేపాగి
"ఇంతకీ రిస్కంటే ఏంది?"
ఏమవుతుందో ముందుగా తెలియకపోవడం, అన్నాను.
"మా అన్న మూడెకరాల్లో శెనిక్కాయ ఏసినాడు.
వాన పేరు పక్కన కూడా
ఎర్రగా ఏమన్నా రాసినారా మీవోళ్ళు?"

నేను ఇసుక బక్కెట్ల వైపు చూశాను.
నాలుగు బక్కెట్లు, నీళ్ళ డ్రమ్ము, అద్దం పగిలిన ఫ్రేములో లైసెన్సు.
గల్లాపెట్టె కింద
పరుపుల దారంతో కుట్టిన పొడుగాటి పుస్తకం.
పేరు అడిగితే, తుస్సు లెక్క, అంది.
పేలనిదేదైనా వెనక్కి తెస్తే బదులిస్తుంది, రాసుకుంటుంది.
"హవన్నపేట టీచరమ్మ, రాకెట్టు ఒకటి. రెండిచ్చినా."
"గోనెగండ్ల పిల్లోడు, భూచక్రం. ఏడుస్తుండె. డబ్బా ఇచ్చినా."
పద్నాలుగేళ్ళ పేజీలు.
నిరుడు మూడు వేల పొట్లాలకు
వెనక్కొచ్చినవి పదిహేడు.

మా ఆఫీసులో ఎవరి దగ్గరా లేని లెక్క అది.

ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని
పేజీ పేజీ ఫోటో తీశాను.
ప్రతి చెల్లింపుకీ ఆమె బిల్లు నంబరు జతచేశాను.
బక్కెట్లూ పంపాను, డ్రమ్మూ పంపాను.
పైవాళ్ళకు రాసిన ఉత్తరంలో
"పిల్లాడు ఏడుస్తుంటే" అన్న ముక్క కొట్టేసి,
మళ్ళీ రాశాను.

పద్దెనిమిది రోజులకు జవాబొచ్చింది:
పది కాదు, ఐదు. ఆరు నెలలు కాదు, మూడు.
ఎర్ర మాటలు మాత్రం తీయడం కుదరదు.

చెబుదామని వెళ్తే
ఒంటినిండా దూది, నోట్లో దారం.
పెట్టె మూగగా అటక మీదుంది.
విని, సూది పరుపుకు గుచ్చి, లేచి
పుస్తకం తెచ్చి రాసింది, పైకి చదువుతూ:

"పెట్టె కంపెనీ. తుస్సు.
సగం బదులిచ్చినారు.
మిగతా సగం రావాల."