రీడింగు

సిరిపురంలో హాలు అడిగితే
పూటకి పద్దెనిమిది వేలన్నారు, మైకు వేరే.
నా చెప్పుల వైపు చూసి
ఫ్యాను ఒక నంబరు తగ్గించారు.

నాకు హాళ్లు తెలీవు, మీటర్లు తెలుసు.
అల్లిపురం నుంచి కంచరపాలెం దాకా
పంతొమ్మిదేళ్లు గుమ్మం గుమ్మం తిరిగి
అంకెలు రాసుకున్నవాణ్ణి.
మెట్ల కింద వంగి మీటరు చూస్తూంటే
లోపలి ఇల్లు వినబడుతుంది:
ఏ మంచం కింద వయొలిన్ పెట్టె దుమ్ము పట్టిందో,
కుక్కరు ఈలకి శ్రుతి కలిపి
ఏ వంటింట్లో ఎవరు రాగం అందుకుంటారో,
ఏ పోర్టు కళాసీ పద్యం సగంలో ఆపి
"బిల్లెంతొచ్చిందండీ" అంటాడో.

అలా మొదలైంది, రెండో శనివారం.

మేడ పోలారావుది. షరతు ఒక్కటే,
నీళ్ల ట్యాంకు మీద ఎవరూ కూర్చోకూడదు.
కుర్చీలు టెంట్‌హౌస్ గరగయ్యవి,
పెళ్లిళ్లు లేని వారమైతే అద్దె లేదు.
లోకానికి మూఢం, మాకు పండగ.
టీ నూకరత్నం తెస్తుంది,
కప్పు ఐదు, పాడినవాళ్లకి ఊరికే.
ఒకసారి ఆవిడే పాడింది,
తన టీ తనే తాగి
తన పేరునే లెక్క రాసుకుంది.

కార్డుల్లేవు. బిల్లు చేతికిస్తూ
"శనివారం వస్తారా మామ్మగారూ" అనడమే.
బకాయి ఉన్నవాళ్లు ముందు జడుసుకునేవారు.

మొన్న ఆషాఢంలో
ఎస్.కోట అవతల నుంచి జముకు పట్టుకుని
సూరప్పమ్మ వచ్చింది.
వంత పాడే తమ్ముడికి జ్వరమట, ఒక్కతే.
కథ నడుమకి రాగానే కరెంటు పోయింది.
అందరూ నా వైపే తిరిగారు,
జేబులో పెట్టుకుని కూర్చున్నట్టు.
"కరెంటు పోతే కతాగిపోద్దేటి బాబూ"
అని ఆవిడ తీగ మీద వేలు వేసింది.

ఉక్కకి ఒక్కొక్క మేడా నిండింది.
చీకట్లో విసనకర్రల చప్పుడు,
హార్బరులో ఏదో ఓడ కూత.
ఆవిడ ఊపిరి తీసుకునే చోట,
తమ్ముడుండాల్సిన ఖాళీలో,
ఎదురు మేడ మీంచి ఒక గొంతు
వంత అందుకుంది.
ముసలి గొంతు. ఒక్క మాట తప్పు పోలేదు.
సూరప్పమ్మ అటు తిరిగి కూర్చుని
మిగతా కథంతా చీకటికే చెప్పింది.

దీపాలొచ్చేసరికి ఆ మేడ మీద
ఒక ముక్కాలి పీట, ఆరేసిన తువ్వాలు.

నేను నెలనెలా డోర్ లాక్ అని రాసుకునే ఇల్లది.

ఆ రాత్రి లెక్క ఇది:
సూరప్పమ్మకి బస్సు ఖర్చులూ, చేతిలో పెట్టిందీ
ఆరు వందల పది. టీలు నూట అరవై ఐదు.
డబ్బాలో పడ్డవి ఏడు వందల తొంభై.
మిగిలిన పదిహేనూ బఠాణీలకని పక్కన పెట్టి
పాడినవాళ్ల పేర్లు రాస్తూ
వంత దగ్గర ఆగాను.
పేరు తెలీదు.
సర్వీసు నంబరు మాత్రం నోటికొచ్చు.
అదే రాశాను.