పన్నెండో గడి

నెట్ సెంటర్లో ఆరు కంప్యూటర్లు, ఐదు పనిచేస్తాయి.
వెనకాలే కటింగ్ ఫ్యాక్టరీ.
రాయి కోసే చప్పుడు నేలలోంచి కుర్చీలోకి,
కుర్చీలోంచి నా వెన్నులోకి ఎక్కుతా ఉంటుంది.
గంటకి ఇరవై. లెక్క రాసేది నేనే.

ఆటలో ముందు మనిషిని తయారుచేసుకోవాలి.
ముక్కు సాగదీయొచ్చు, చెవులకి మొన తేల్చొచ్చు,
కొమ్ములు కావాలంటే కొమ్ములు.
ఒంటి రంగుకి పన్నెండు గళ్ళు.
పన్నెండో గడి దగ్గర బాణం గుర్తు ఆగిపోతుంది.
ఇంకా కుడికి జరుపుతా. జరగదు.
మా అమ్మ అక్కడికి రెండు గళ్ళ అవతల ఉంటుంది.

ఆ లోకంలో నల్లవాళ్ళు లేరని కాదు.
ఉన్నారు. గుహల్లో, గుంపుగా, మాటల్లేకుండా.
ఒక్క దెబ్బకి పడిపోతారు,
రెండు రాగి నాణేలు రాలతాయి.

అందుకే మూడేళ్ళు ఇనప టోపీ పెట్టుకునే ఆడాను.
ముఖమంతా మూసే టోపీ.
రక్షణ పది పాయింట్లు ఎక్కువని
అందరికీ చెప్పేదాన్ని. అబద్ధం. నాలుగే.

మొన్న శుక్రవారం కొత్త భాగం దిగింది.
అందులో గనుల కాపరి అని ఒకామె.
యాభై ఏళ్ళుంటాయి. తలుపంత భుజాలు, సమ్మెట,
ఎడమ చెంప మీద కాలిన మచ్చ.
నలుపు. సందేహం లేని నలుపు.

మాలకొండయ్య కుర్చీ వెనక్కి నెట్టాడు.
“ఏందిది? డబ్బులు పెట్టి కొనుక్కుంటే
మా మేస్త్రి పెళ్ళాన్నిచ్చారు!”
మస్తాన్‌వలికి నడుము కనపడలేదంట.
“కథకి అతకలా” అన్నాడు ఒంగోల్లో ఇంజనీరింగ్ చదివే జయసింహ.
రెక్కల గుర్రం మీద కూర్చుని అన్నాడా మాట,
చచ్చి మూడోసారి లేచినాక.

నేను చిల్లర లెక్కపెడతా ఉన్నా.
నా వైపు ఎవరూ చూడలా.
చూడకుండా ఉండటానికి ఏమన్నా కష్టపడ్డారో
అదీ తెలీదు.

చీమకుర్తిలో నలుపుకి రేటుంది.
ఎంత నలుపైతే అంత.
లోపల బంగారు చుక్కలుంటే ఓడెక్కిపోయి
ఎవరి వంటగదిలోనో అద్దమవుతుంది.
మా నాన్న పాలిషర్.
ఒకటో నంబరు బిళ్ళ నుంచి ఏడో నంబరు దాకా
నీళ్ళు పోస్తా, రుద్దతా,
“వెలుగుని రాయి మీద వేస్తే నిలవదమ్మా దీవెనా,
లోపల్నించి పిలవాల” అంటాడు.
సాయంత్రం తెల్లగా వస్తాడు.
కనురెప్పలు కూడా తెల్లగా.
కుళాయి కింద మెల్లగా నల్లబడి
మా నాన్నవుతాడు.

ఆటలో ఆమెకి వెలుగు సరిగ్గా పట్టలేదు.
దివిటీ దగ్గరికొస్తే బూడిద,
గుహలోకెళితే కళ్ళు తప్ప ఏమీ లేవు.
చేసినోళ్ళకి ఏడో నంబరు బిళ్ళ దొరికినట్టు లేదు.
అయినా టోపీ తీసేశా.
ఆమెనే తీసుకున్నా.

రాత్రి తొమ్మిదికి, షట్టర్ సగం దించినాక,
మాలకొండయ్య నడుం వంచి లోపలికొచ్చాడు.
బండి హెల్మెట్టు ఇంకా తలకే ఉంది.
“ఆ మేస్త్రి పెళ్ళాంతో ఒక్క గంట.
సమ్మెట దెబ్బ బాగుందంట.”
ఇరవై తీసుకున్నా. పాత బాకీ కూడా.

అప్పుడే అమ్మ క్యారేజీ తెచ్చింది.
తెర మీద ఆమె కొండెక్కుతా ఉంది,
ఎర్రగా కాలుతున్న రాళ్ళ మీద, ఆయాసపడతా.
నాలాగుందే అంటుందనుకున్నా.
అనలా. క్యారేజీ కింద పెట్టకుండానే చాలాసేపు చూసి
“పాపం, ఆమెకి చెప్పుల్లేవేందే?
కాళ్ళు కాలవా?” అంది.

ముందుకి వంగి ఆమె మూటంతా తిరగేశా.
కత్తులు నలభై రెండు. ఉంగరాలు.
ఎగిరే దుప్పటి ఒకటి.
చెప్పులు లేవు.

మాలకొండయ్య కూడా వెతికాడు, రెండుసార్లు.
“ముందు ఊళ్ళో అమ్ముతారేమోలే పిన్నీ”
అని గబగబా దిగువకి నడిపించాడు,
నీడ ఉన్న పక్కన.