మూడోసారి

మత్తు మెడకే ఇచ్చినారు, మనిషికి కాదు.
బరంపురం ఆసుపత్రిలో
కళ్ళకి అడ్డం పచ్చగుడ్డ కట్టి
మెడకాయ తెరిసిపెట్టి
మాటాడమన్నారు నన్ను.

గొంతులో రెండు తీగలంట.
నిరుడు కంతి తీసినప్పుడు ఎడందాయి పడుకుండిపోయింది.
తెప్పదుంగలు రెండూ ఒరుసుకోకపోతే
సందులోంచి సంద్రం పైకొచ్చినట్టు
నా మాటలోంచి గాలే వచ్చీది.
గోపాలపురం రేవులో పాతికేళ్ళు వేలంపాట పాడినదాన్ని.
గాలిని ఎవుడు కొంటాడు?

పాణిగ్రాహి డాక్టరు మెడలోకి తెల్లటి ముక్క దోపి
"ఈ... అను మావుసీ" అన్నాడు.
అన్నాను.
ముక్క తీసి, కాస్త సెక్కి, మళ్ళీ దోపి
"ఆవు థొరే." ఇంకోసారి.
"ఏదన్నా లెక్కపెట్టు."
నాకు తెలిసిన లెక్క ఒకటే.
"కవళ్ళ గంప... నూటయాభై... నూటరవై...
నూటెనభై, సాహుబాబు పాట...
రెండొందలు, ఒకటోసారి..."
గుడ్డ అవతల ఎవులో నర్సమ్మ నవ్వింది.
"రెండొందలు, రెండోసారి..."
అదిగో, అక్కడ,
నా పాత గొంతు నా సెవికి తగిలింది.
"హెలా, అయింది" అన్నాడు. కుట్టేసినాడు.
మూడోసారి నోట్లోనే ఉండిపోయింది.

చీటీ అంతా ఒడియాలో ఉంది.
మనవరాలు లిప్సా సదివి మన మాటల్లో సెప్పింది:
వారం దాకా మాటొద్దు.
గుసగుసలు అసలొద్దు, అది మాటకన్నా సెడ్డదంట.
నెల్లాళ్ళు తలమీద గంప ఎత్తకూడదు.
కుట్లు విప్పేదాకా మెడకి నీళ్ళు తగలనీకూడదు.
ఉప్పుగాలి సంగతేటో రాయలేదు.
అడగడానికి నాకు నోరు లేదు.

నాకు గుసగుసల్లేవని తెలిసినాక
రేవులో ఆడోళ్ళంతా వరసకట్టి
నా సెవిలో గుట్టులు పోసినారు.
కొడుకు దాసిన అప్పు, కోడలు దాసిన కడుపు,
ఏ పడవోడు ఎవులికి డీజిలు డబ్బులు ఎగ్గొట్టినాడో.
తాళమేసిన పెట్టంటే అందరికీ నమ్మకమే.

కుట్లు విప్పినరోజు అల్లెయ్య
నన్ను గుమ్మం కాడ ఎలుగులో నిలబెట్టి, గడ్డం ఎత్తి
కళ్ళజోడు పెట్టుకోని మరీ సూసినాడు.
నలభయ్యేళ్ళు వలలు కుట్టిన సెయ్యి.
"దారం సన్నం. ముడి కనబడనీలేదు.
మెడ మడతలోనే కోసినాడు, పనోడే" అన్నాడు.
పెళ్ళైన కాడ్నించి
నా మెడ అంతసేపు సూడ్డం అదే.

మందు గొట్టం నా సిటికెనేలంత,
ఖరీదు గంపెడు కానాగంతలు.
రాత్రేళ బియ్యపుగింజంత తీసి
మచ్చమీద ఏలితో సున్నాలు సుట్టాలి.
మొదట్లో ఎర్రగా, గట్టిగా, వానపాములాగుండీది.
మింగినప్పుడల్లా పైకి లేసీది.
లిప్సాకి అదో ఆట, "అమ్మమ్మా, మళ్ళీ మింగు."
ఎండ తగిలితే నల్లబడతాదని
కొంగు మెడకి సుట్టుకోని రేవుకెళితే
జొరమా అనడిగినారు. తల ఊపినాను.
ఏదో ఒకటి.

పాట ఇప్పుడు మాలక్ష్మి పాడతంది.
కుర్రది. మూడోసారి బేగి అనేస్తది.
కొనేవోడికి ఆశపడ్డానికి ఊపిరంత సందివ్వదు.
సెప్పాలనుకుంటాను.

మొన్న పొద్దున్న
ఎండేసిన సావళ్ళలోంచి కుక్కొకటి లాక్కుపోతంటే
"ఛీ, ఫో!"
ఎవులిదా గొంతని ఎనక్కి తిరిగి సూసినాను.
బొంగురుగా, మందంగా, తడిసిన మోకులాగుంది.
కుక్క మాత్రం నమ్మేసింది.
సావడ వదిలేసి పోయింది.

రాత్రి మళ్ళీ గింజంత మందు, మళ్ళీ సున్నాలు.
మచ్చ మెత్తబడతంది.
దానికింద ఎక్కడో, నాది కాని తెల్లదుంగ
నా దుంగని ఒరుసుకోని పడుకుంది.
పక్కన అల్లెయ్య గురక.
రేపు మాలక్ష్మికి
ఊపిరి సంగతి సెప్పాలి ముందు.