మెల్లగా చల్లారాలి

మింది దాటాక రోలింగు మిల్లు.
టైమాఫీసులో కోరాడ దేముడు గారి బల్ల మీద
ఇరవై రెండేళ్ళ రబ్బరు పొట్టు.

నలభై రెండు మంది, ఇరవై ఎనిమిది రోజులు,
ఏ, బీ, సీ, ఆఫ్.
పదకొండు వందల డెబ్బై ఆరు గళ్ళ ఆ కాయితాన్ని
లాప్‌టాప్‌లోకి ఎక్కించడానికి
రుషికొండ నుంచి రెండు బస్సులు మారి వచ్చాను.

గట్టి నిబంధనలు చెప్పండి, అన్నాను.
సీ దిగినవాడు ఆ పొద్దున్నే ఏ ఎక్కకూడదు.
కొలిమి దగ్గర ఎప్పుడూ ఇద్దరు.
వారానికో ఆఫ్.
వేళ్ళు మడుస్తూ చెప్పారు. కొట్టుకుంటూ పోయాను.

మెత్తనివి?
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
కిటికీలోంచి చూశారు కాసేపు.

"వలీకి రేచీకటి. యార్డులో పట్టాలు కనబడవు.
ఇది మాత్రం ఎక్కడా రాయకు.
నూకరత్నం క్రేను మీద, ఆల్లాయన పోర్టులో.
ఇద్దరికీ ఒకేసారి రాత్రి పడితే పిల్లకి జొరమొస్తాది.
ఎందుకని అడక్కు, వస్తాది.
అప్పన్నా ఆడి బావమరిదీ మాటాడుకోరు,
ఒకే షిఫ్టులో ఎయ్యి. గొడవైనా పడతారు."

ఒక్కోదానికి ఎంత బరువో చెప్పమంటుంది ప్రోగ్రాము,
ఒకటికీ వందకీ మధ్య.
పిల్ల జ్వరానికి నలభై వేశాను.
ఆయన చూసి ఏమీ అనలేదు.
డెబ్బై చేశాను.

ముందు అంతా కలగాపులగం చేస్తుందండీ,
వేడి మీద ఎంత చెడ్డ అమరికైనా ఒప్పుకుంటుంది,
చల్లబడే కొద్దీ మొండికేస్తుంది.
లేకపోతే కొండ మీది చిన్న గుంటలో ఆగి
సముద్రానికి వచ్చేశాననుకుంటుంది.

అప్పుడు నవ్వారు.
"ఇది మా పనే కదమ్మా!
ఎర్రటి కడ్డీని నీళ్ళలో ముంచితే గట్టిపడతాది,
దెబ్బ తగిల్తే పుటుక్కు.
పొయ్యిలోనే వదిలీ. దాని మానాన దాన్ని వదిలీ.
పొద్దున్నకి వంగుతాది, ఇరగదు."

వేగం తగ్గించాను.
నాలుగు నిమిషాల పని
రాత్రి కూత నుంచి పొద్దుటి కూత దాకా సాగింది.

గట్టివి ఒక్కటీ తప్పలేదు.
మెత్తని వాటికి మొత్తం జరిమానా నూట పన్నెండు.
పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా
వలీకి ఐదు రాత్రులు.
రాయొద్దన్నారని నేను రాయలేదు.

దేముడు గారు ప్రింటు మీద రబ్బరు రుద్దారు.
సిరా చెరగలేదు, కాయితం చిరిగింది.
చిరుగు పక్కన పెన్సిలుతో
అప్పన్నని రాత్రికి లాగి, వలీని పగటికి తోశారు.

అదీ ఎక్కించి చూశాను, ఆయన టీకి వెళ్ళినప్పుడు.
నూట ముప్ఫై ఒకటి.
చెప్పలేదు.

బావా బావమరుదుల గొడవ మాత్రం
ఇంకో వారం ఆగాలి.