రెండో చెవి

సోహార్ రేవులో ఆగస్టు రాత్రి.
అద్దాలకు చెమట బయటివైపు పడుతుంది.
లోపల పద్దెనిమిది డిగ్రీలు.
ఫోను, చేతి గడియారం
గుమ్మం దగ్గర సాయిలుకి అప్పజెప్పి
రిజిస్టర్లో సంతకం పెడతాను.
నా పేరు కెజియా. అతను రాసుకునేది కేజీ.
రెండేళ్ళుగా నన్ను తూకంలా నమోదు చేస్తున్నాడు.

ఈ గదిలోకి తీగ రాదు,
గాలిలో వచ్చే మాటా రాదు.
ఓడల జాబితాలకు వెయ్యాల్సిన తాళాన్ని
మూలం నుంచి, వరుస వెంట వరుస
ఇక్కడే కట్టాలి.
తెర మీద అక్షరాలు పాకిపోతుంటాయి
అల వెనక్కెళ్ళగానే బొరియలకు ఉరికే పీతల్లా.
ఉన్నట్టుండి ఆగుతాయి: ఏదో చిన్న ఫైలు లేదట.
మళ్ళీ బయటికి, మళ్ళీ డిస్కు,
మళ్ళీ సంతకం, మళ్ళీ కేజీ.

"ఏం జేస్తరు మేడం, రాత్రంత ఆ సల్లగదిల?"
తాళం చేస్తున్నానన్నాను.
"దుకాణంల దొరకదా?"
దొరుకుతుంది. ఊరికే కూడా ఇస్తారు.
ఇచ్చినవాడు ఇంకో చెవి దాచుకున్నాడేమో
పైనుంచి చూస్తే తెలియదు.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

కోరుట్ల నుంచి వచ్చిన మొదటి ఏడు
క్యాంపులో ఒక్క గదికి పద్నాలుగు పెట్టెలు,
సూక్‌లో కొన్న పద్నాలుగు తాళాలు.
ఒకనాడు నిద్రమత్తులో
పక్కవాడి పెట్టె తెరిచాడట, తన చెవితోనే.
లోపల ఎవరో ఆడమనిషి ఫోటో,
సగం వాడిన పసుపు పొట్లం,
మడత విప్పని కొత్త చొక్కా.
మూసేశాడు. పొద్దున అందరికీ చెప్పాడు.
ఆ రోజు బస్సులో ఎవరూ మాట్లాడుకోలేదట.

"అన్నిటికి ఒక్కటే చెవి మేడం!
వెల్డింగ్ షాపుల ఆకురాయి అడుక్కొచ్చిన.
తాళం ఇప్పి, లోపటి పుల్లలు అరగదీసి
కొత్త చెవి కోసుకున్న.
పద్నాలుగిటికి ఆర్నెల్లు వట్టింది."

తెరిచేదాన్ని మనవాళ్ళు చెవి అన్నారు.
ఎందుకన్నారో ఎన్నడూ ఆలోచించలేదు.
ఒకటి నా దగ్గరుంటుంది, గుత్తిలో, మాట్లాడకుండా.
రెండోది ఎక్కడో ఉంటే
అది వింటూ ఉంటుంది.

రెండుంపావుకి కట్టడం ముగిసింది.
మస్కట్‌లో ఇలాంటి గదిలోనే
రహ్మా కట్టిన తాళం గుర్తు, అరవై నాలుగు అక్షరాలు,
కాగితం మీద వచ్చింది.
దాన్ని ఇద్దరు చదివి పోల్చాలని నిబంధన.
డెన్నిస్‌కి జ్వరం.
నిబంధన రెండో మనిషి అంటుంది,
ఎక్కడ నిలబడాలో అనదు.
సాయిలు గడప అవతల నిలబడ్డాడు.
లారీల నంబర్లు రాసి రాసి నేర్చిన ఇంగ్లీషు.

"ఏడు. సి. నాలుగు."
నా తెర మీద మూడోది తొమ్మిది.

అక్కడి నుంచి ఏదీ కలవలేదు.

ఎవరో లోపలికి వచ్చారా? చేతులు చల్లబడ్డాయి.
గంట వెతికితే దొరికింది:
యంత్రంలో గుండీ అంత బ్యాటరీ చచ్చిపోయి
దాని లెక్కలో ఇది ఇంకా రెండువేల ఒకటి, జనవరి.
కట్టిన తారీఖును కడుపులో రాసుకుంటుంది కాబట్టి
తాళమే వేరయింది.
ఫలానా తేదీ పెట్టమని కాగితం అడుగున
రహ్మా చిన్నగా రాసే ఉంది.
"బయటి ముచ్చట తెల్వకుంటే
తారీకెట్ల ఎరుకైతది పాపం," అన్నాడు సాయిలు,
యంత్రం గురించే.

తేదీ దిద్ది మళ్ళీ మొదటి నుంచి.
మసీదు నుంచి తొలి పిలుపు వినబడేసరికి
మళ్ళీ చదివాడు, ఒక్కో అక్షరం
బరువు చూసి దించినట్టు.
నలభై ఒకటో దగ్గర ఆగాడు.
"ఇది ఎనిమిదా, బీయా? సిరా అలికింది."
నేను చెప్పలేదు. చెప్పకూడదు.
కాగితాన్ని దీపానికి ఎత్తి
చాలాసేపు చూసి,
"బీ."
బీ.
మిగిలిన ఇరవై మూడూ కలిశాయి.

బయట అడుగు పెట్టగానే
కళ్ళద్దాల నిండా ఆవిరి. రేవు లేదు, సాయిలు లేడు.
ఎవరిదో చెయ్యి నా చేతిలో ఫోను పెట్టింది.
వెచ్చగా ఉంది.
అప్పుడే వినడం మొదలుపెట్టింది.