దెబ్బ ఏడ పుడుతది

సల్మాబాద్‌ల టైర్ల దుకాణం మీద
రెండో అంతస్తుల జిమ్ము నాది.
నాదంటే, తుడిచేది నేను.
రాత్రి పదకొండు దాటినంక
అద్దాల మీద ఊపిరి మరకలు,
రింగు మూలలకు చెమట ఉప్పు,
చెత్తబుట్టల నెత్తురంటిన దూది.
ఫినాయిలు బకెట్టు పట్టుకొని
రోజూ వాళ్ల పంచాయితి వింట.

గుల్‌జమాన్ ట్రెయిలర్ తోలే పఠాను,
నా మోకాలంత ఉంటది ఆయన మణికట్టు.
"దెబ్బ తండ్రి ఇచ్చేది" అంటడు.
"ఎముకల ఉంటే ఉన్నట్టు. లేకుంటే
వెయ్యేండ్లు సంచి గుద్దినా దోమ సావది."

కోచ్ బఖ్తియార్
పొద్దుతిరుగుడు గింజ కొరికి, పొట్టు ఊంచి
(నేను ఊడ్సిన జాగలనే)
"మడమ" అంటడు.
"మడమ, ఎన్క నడుము, ఆఖరికి చెయ్యి.
చెయ్యి ఉత్తి పోస్ట్‌మ్యాన్."

నన్నెవరడుగుతరు.

శుక్రవారం శుక్రవారం మారిసెల్ వస్తది,
రిఫాల ఎవరింట్లనో పిల్లల సాకే మనిషి.
తడిసినా నలభై ఎనిమిది కిలోలు దాటది.
గుల్‌జమాన్ గుద్దితే గొలుసు మోగుతది,
సంచి అటు పోయి ఇటొస్తది.
ఆమె గుద్దితే సంచి ఊగది. వంగుతది,
కడుపుల తగిలినోడు వంగినట్టు.
"వాళ్ల అయ్య ఏం పని చేసేటోడో అడుగుండ్రి"
అంటడు గుల్‌జమాన్, ఓడిపోనట్టు.
ఆమె పండ్లతోటి గ్లోవు ముడి ఇప్పుకుంట
"తెల్వది. ఆయన్ని నేను చూడలే" అన్నది.

ఆ రాత్రి బకెట్టు పక్కకు జరిపిన.
తుడుపుగుడ్డలు రెండు చేతులకు చుట్టిన.
ఓర్సు ఎల్లేశు, ముప్పైయారేండ్లు,
బండలు కొట్టే ఇంట్ల పుట్టినోడు,
గుద్దిండు.
మణికట్టు మడతపడ్డది.
మూడు తరాల సమ్మెట
ఏ విమానంల మర్శిపోయిన్నో.

కూసున్న. ఏసీ నీళ్లు డబ్బాల
చుక్క చుక్క పడుతున్నయి.
బాపు యాదికొచ్చిండు.
మొఖం కాదు, పాదాలు.
బండకు చెవి ఆనిచ్చి, ఉలితోటి తట్టి
దాని నాడి ఏడున్నదో వినేటోడు.
"ఎత్తుడే నీ పని. దిగుడు సమ్మెట పని.
నడుమ నువ్వు అడ్డం పోకు" అనేటోడు,
నాతోని కాదు, కొత్త కూలోళ్లతోని.
సమ్మెట దిగే ముంగట ఆయన కుడి మడమ
బీడీ ముక్క నలిపినట్టు తిరిగేది.
చిన్నప్పుడు రోజూ చూసిన.
ఎన్నడూ చూడలే.

లేచి, లేని బీడీ నలిపిన.

సంచి వంగింది.
చప్పుడు వేరే వచ్చింది,
బండ విచ్చుకునే ముంగట
లోపల్నే ఎవరో తలుపు గొళ్లెం తీసినట్టు.

తాళాలు మర్శి మళ్లొచ్చిన బఖ్తియార్
గడపల నిలవడ్డడు.
"ఎవరు నేర్పిండ్రు?"
"మా బాపు."
"బాక్సరా?"
"బండలు."
గింజ నములుడు ఆపిండు.
నేర్పిండా, ఇచ్చిండా,
నాకొచ్చిన అరకొర ఇంగ్లీషుల అది చెప్పరాలే.
తెలుగుల అడిగినా చెప్పరాకపోవు.
"లైట్లు ఆర్పి పో" అని మెట్లు దిగిండు.

నిజానికి బాపు నాకు సమ్మెట ముట్టనియ్యలే.
ఆ పని నాకు అంటొద్దనే
మిత్తికి తెచ్చి వీసా కొన్నడు.

ఇయ్యాల వీడియోల బిడ్డకు ఇదంత చెప్పిన.
ఆరేండ్లది. నేను ఎత్తుకున్నది
లెక్కకు పదకొండు దినాలు.
"గిట్లనా డాడీ" అని పిడికిలి చూపెట్టింది.
ఆ గెణుపులు నావే.
చిటికెనవేలు పక్కకు ఒరుగుడు
నాది గూడ కాదు, బాపుది.
బొటనవేలు మాత్రం లోపల దాసుకున్నది,
ఎవలన్న గుంజుకపోతరన్నట్టు.
"బయటకు తియ్యి బిడ్డా, విరుగుతది"
అంటున్న, అంటుండంగనే
నెట్టు ఆగింది.

పిడికిలి తెర మీద అట్లనే నిలిచింది.
బొటనవేలు లోపట్నో, బయటనో
మసకల తెలుస్తలేదు.