కారణం గడి

టీసీ పుస్తకంలో తొమ్మిదో గడి మరీ ఇరుకు.
"కళాశాల విడుచుటకు గల కారణము."
అంగుళంన్నర జాగా.
ఇరవై రెండేళ్లుగా అందులో
పెళ్లి, బదిలీ, ఫీజు బాకీ
ఒక్కో మాటలో సర్దేస్తున్నా.

ఇవాళ బల్లకవతల పామంజి సముద్రాలు,
బీకాం రెండో ఏడు, కరేడు పల్లెపాలెం.
తాత పేరు. వల లాగే ఆ భుజాలూ తాతవేనంట.
ఎడమ మోకాలికి ఇంకా పసుపు పట్టీ.
రాత్రికి సింగరాయకొండలో రైలు.
సీజనుకి పన్నెండు లక్షలు.
నా జీతంతో భాగించబోయి మానుకున్నా.

పోయిన డిసెంబర్లో, మన కందుకూరు ఎర్రమట్టి కోర్టులో,
నలుగురు మీదపడి నేలకి తొక్కేస్తుంటే
గీత మీద వీడి చిటికెనవేలు.
అంతే, చిటికెనవేలు.
ప్రిన్సిపాల్ గారు ఎగిరి గంతేసి
ఒక చెప్పు పోగొట్టుకున్నారు.

"కూత ఎంతసేపు ఆపగలవు అబ్బయా?"
"ముప్పై సెకన్లే సార్.
ఆ లోపల మన గీతకి వచ్చెయ్యాల."

అకౌంట్స్ రెండుసార్లు పోయింది.
లైబ్రరీ పుస్తకం ఒకటి పడవలో తడిసిందంట.
నూటనలభై నేనే కట్టి
బాకీ లేదని రాశా.

కారణం గడిలో "ఆట" అని పెట్టా.
ఇంకా బోలెడు జాగా మిగిలింది.

సంతకం చెయ్యరా అంటే
గీత దాటించి చేశాడు.
కొట్టేసి మళ్లీ చేయించాలి, రూలు ప్రకారం.

చేయించలేదు.